ఇసుక మీద కనిపించని మూడు గీతలు

డాలస్ నుంచి కాన్‌కూన్‌కి విమానంలో మూడు గంటలు కూడా పట్టదు. టెక్సాస్‌లో స్థిరపడ్డ మనవాళ్లకు సెలవులనగానే గుర్తొచ్చే చోట్లలో అదొకటి. రెండు రోజులు గడిచేసరికి ఆ నీళ్ల రంగు మనసుకి పట్టేస్తుంది. సరిగ్గా అప్పుడే రిసార్టు లాబీలో ఓ ఏజెంటు నవ్వుతూ ఎదురవుతాడు. "బాల్కనీలో నిలబడితే ఎదురుగా సముద్రమే సార్. ఇవాళ టోకెన్ అడ్వాన్స్ కడితే ఈ రేటు మీకే" అంటాడు. సొంతూళ్లో అరెకరం కొనాలంటే పాసుపుస్తకం, లింకు డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ల ఈసీ తెప్పించుకుని, లాయరు లీగల్ ఒపీనియన్ రాసిచ్చేదాకా బయానా ఇవ్వని మనిషి అక్కడ మాత్రం అక్కడికక్కడే కార్డు గీకేస్తాడు.

విదేశంలో సముద్రం ఒడ్డున ఇల్లు కావాలనుకోవడం తప్పేమీ కాదు. మెక్సికోలో విదేశీయులు అలాంటి ఇళ్లు చట్టబద్ధంగానే కొంటున్నారు, అద్దెకిస్తున్నారు, పిల్లలకు రాస్తున్నారు. కానీ ఒకటి గుర్తుంచుకోండి. ధర దగ్గర మోసపోతే కొంత పోతుంది, హక్కు దగ్గర మోసపోతే మొత్తం పోతుంది. అందుకే బేరానికి కూర్చునే ముందే హక్కు సంగతి తేల్చుకోవాలి.

మెక్సికో తీరంలో చట్టం మూడు గీతలు గీసింది. ఇసుక మీద నిలబడి చూస్తే ఒక్కటీ కనబడదు. మీకు నచ్చిన ఇల్లు ఏ గీతకు ఎటువైపు ఉందో తెలిస్తే సగం జాగ్రత్త తీసుకున్నట్టే.

మొదటి గీత: పోటు నుంచి 20 మీటర్లు

మెక్సికోలో బీచి ఏ ఒక్కరి సొత్తూ కాదు, జాతి ఆస్తి. సముద్రం బాగా పోటు మీదున్నప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయో అక్కడి నుంచి లోపలికి 20 మీటర్ల వెడల్పున ఉన్న నేల కూడా కేంద్ర ప్రభుత్వానిదే. ఈ పట్టీని అక్కడ సోఫెమాత్ అంటారు. దీన్ని వాడుకోవాలంటే పర్యావరణ శాఖ సెమర్నాత్ దగ్గర కన్సెషన్ తీసుకోవాలి, దానికి ఫీజు కడుతూ ఉండాలి. కన్సెషన్‌కి గడువు ఉంటుంది. ఎందుకు వాడుకుంటారో కూడా అందులో రాసి ఉంటుంది.

ఇప్పుడు ఏజెంటు చూపించిన ఫొటో మళ్లీ చూడండి. కొబ్బరాకుల పందిరి, చెక్క మెట్లు, ఈత కొలను అంచు, అలలు తగలకుండా కట్టిన రాతి గోడ ఉన్నాయి. వీటిలో ఎన్ని ఆ 20 మీటర్లలో పడతాయి? పడినవి అమ్మకందారు అమ్మగలిగినవి కావు. ఆయన పేరున కన్సెషన్ ఉన్నా, ఇల్లు కొన్నంత మాత్రాన అది మీ పేరు మీదకి రాదు. ప్రభుత్వ అనుమతితో విడిగా మార్పించుకోవాలి. కన్సెషన్ ఎవరి పేరున ఉంది, ఎప్పటితో ముగుస్తుంది, దేనికి ఇచ్చారు, ఫీజు బకాయి ఎంత అన్న నాలుగు ప్రశ్నలకూ కాగితం మీద జవాబు తీసుకోండి.

పైగా ఈ గీత ఒకచోట నిలబడదు. 2005 అక్టోబరులో విల్మా తుపాను కాన్‌కూన్ ఒడ్డున ఇసుకను ఊడ్చుకుపోయింది. తర్వాత ప్రభుత్వం సముద్రం అడుగు నుంచి ఇసుక తోడి తెచ్చి పోయించింది. ఒడ్డు కోతకు గురై పోటు గీత లోపలికి జరిగితే, దాంతోపాటు ఆ 20 మీటర్లూ మీ స్థలంలోకి జరుగుతాయి. ఉప్పాడ తీరంలో ఇళ్లను సముద్రం ఎలా లాగేసుకుంటోందో చూసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. అమ్మకందారు దగ్గరున్న పాత కొలతల్ని నమ్మకుండా, మీరే సర్వేయర్‌ని పెట్టుకుని ప్రభుత్వ హద్దు ఇప్పుడు ఎక్కడుందో గీయించండి.

"ప్రైవేట్ బీచ్" అన్న మాట ప్రకటనలో కనబడితే అక్కడే జాగ్రత్తపడండి. బీచికి జనం రాకుండా దారి మూసేసేవాళ్ల మీద భారీ జరిమానా వేసేలా 2020లో మెక్సికో చట్టాన్ని సవరించింది. స్థలంలో మడ చెట్లుంటే ఇంకా జాగ్రత్త. వాటిని కొట్టేయడం అక్కడ చట్టరీత్యా నిషేధం. ఇల్లు కట్టుకుందామని చవగ్గా కొన్న ఖాళీ స్థలంలో అవి ఉంటే స్థలం మీదే అయినా పునాది తీయడం కుదరదు.

రెండో గీత: తీరం నుంచి 50 కిలోమీటర్లు

1917 నాటి మెక్సికో రాజ్యాంగంలోని 27వ అధికరణం ప్రకారం తీరం నుంచి 50 కిలోమీటర్ల లోపు, దేశ సరిహద్దుల నుంచి 100 కిలోమీటర్ల లోపు భూమిని విదేశీయులు నేరుగా సొంతం చేసుకోకూడదు. దీని వెనుక పెద్ద దెబ్బే ఉంది. టెక్సాస్‌లో భూములిచ్చి స్థిరపడనిచ్చిన అమెరికన్లే 1836లో ఆ ప్రాంతాన్ని విడదీసుకుపోయారు. 1848లో ముగిసిన యుద్ధంలో మెక్సికో తన భూభాగంలో దాదాపు సగం అమెరికాకు పోగొట్టుకుంది. మనవాళ్లు ఇవాళ అపార్ట్‌మెంట్లు కొనుక్కుంటున్న డాలస్, హ్యూస్టన్ ఉన్నది ఆ పోయిన నేల మీదే.

కాన్‌కూన్, ప్లాయా దెల్ కార్మెన్, టులుం, ప్వెర్తో వయార్తా, లోస్ కాబోస్ అన్నీ ఈ 50 కిలోమీటర్లలోనే ఉన్నాయి. అక్కడ విదేశీయుడు ఇల్లు కొనుక్కోవడానికి చట్టం చూపించిన దారి ఫిదేకోమీసో, అంటే బ్యాంకు ట్రస్టు. టైటిల్ మెక్సికన్ బ్యాంకు పేరున ఉంటుంది, అనుభవించే హక్కు మీ పేరున ఉంటుంది. మీరు అందులో ఉండొచ్చు, అద్దెకివ్వొచ్చు, అమ్మొచ్చు, అనుమతులతో మార్పులు చేసుకోవచ్చు. ఈ ట్రస్టుకి విదేశాంగ శాఖ పర్మిట్ ఉండాలి. 1993 నాటి విదేశీ పెట్టుబడుల చట్టం గడువును 50 ఏళ్ల దాకా అనుమతిస్తుంది. ఆ తర్వాత పొడిగించుకోవచ్చు. బ్యాంకుకి ఏటా ఫీజు కట్టాలి.

ఇక్కడ నాలుగు చోట్ల జనం పొరబడుతుంటారు.

మొదటిది, బ్యాంకు పేరుంది కాబట్టి టైటిల్ క్లియరే అనుకోవడం. టైటిల్‌ని మీ తరఫున శల్యపరీక్ష చేయడం బ్యాంకు పని కాదు. అది మీ లాయరు చేయాలి.

రెండోది, ఇప్పటికే ట్రస్టులో ఉన్న ఇంటిని కొనేటప్పుడు గడువు చూసుకోకపోవడం. పాత ట్రస్టులో మిగిలిన ఏళ్లే మీకు వస్తాయా, కొత్త ట్రస్టు పెట్టిస్తున్నారా అన్నది రాతలో ఉండాలి.

మూడోది, తన తర్వాత ఎవరికన్నది రాయించకపోవడం. ట్రస్టు పత్రంలోనే భార్య పేరో, పిల్లల పేర్లో ప్రత్యామ్నాయ లబ్ధిదారులుగా రాయించవచ్చు. రాయించకపోతే పిల్లలు వారసత్వం కోసం మెక్సికోలో కోర్టు మెట్లెక్కాల్సి రావొచ్చు.

నాలుగోది, ఏదైనా జరిగితే ఎంబసీ ఉంది కదా అన్న ధీమా. ఆస్తి విషయంలో నన్ను మెక్సికన్ పౌరుడిలాగే చూడండి, నా దేశ ప్రభుత్వాన్ని అడ్డం తెచ్చుకోను, తెస్తే ఆ ఆస్తిని వదులుకుంటాను అని విదేశీ కొనుగోలుదారు ఒప్పుకోవాలని ఆ రాజ్యాంగమే అంటోంది. మీ పాస్‌పోర్టు ఏ రంగుదైనా తగువు అక్కడి కోర్టులోనే తేల్చుకోవాలి.

ట్రస్టు ఖర్చు తప్పించుకోవడానికి రెండు అడ్డదారులు చెబుతారు. ఒకటి, నమ్మకమైన స్థానికుడి పేరున కొని, మీకూ ఆయనకూ మధ్య చాటుగా ఓ కాగితం రాసుకోవడం. అంటే అచ్చమైన బినామీ. ఆయన అడ్డం తిరిగితే ఆ కాగితం పట్టుకుని మీరు కోర్టుకి వెళ్లలేరు, ఎందుకంటే రాజ్యాంగాన్ని తప్పించుకోవడానికే ఆ ఏర్పాటు చేశానని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. ఆయన చనిపోతే వారసులు మిమ్మల్ని గుర్తుపట్టరు. రెండోది, అక్కడ కంపెనీ పెట్టి దాని పేరున కొనడం. మెక్సికన్ కంపెనీ ఆ పట్టీలో నేరుగా భూమి కొనగలిగేది హోటల్, రెస్టారెంట్ లాంటి నివాసేతర పనులకు. మీ కుటుంబం సెలవులకు ఉండే ఇంటికి ఆ దారి వర్తించదు.

మూడో గీత: ఎహీదో సరిహద్దు

మూడింట్లోకీ ప్రమాదకరమైనది ఇదే. మెక్సికన్ విప్లవం తర్వాత పెద్ద భూస్వాముల భూములు తీసుకుని రైతు సమూహాలకు ఉమ్మడిగా ఇచ్చారు. ఆ భూమిని ఎహీదో అంటారు. సాగు చేసుకునే హక్కు రైతుదే కానీ అమ్ముకునే హక్కు లేదు. మన అసైన్డ్ భూముల సంగతి తెలిసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977 చట్టం వచ్చాక కూడా డి-పట్టా భూముల్ని తెల్లకాగితాల మీద కొన్నవాళ్ల గతి ఏమైందో మనకు తెలుసు.

1992లో మెక్సికో చట్టం మార్చి దారి తెరిచింది. ఎహీదో సభ్యుల సభ తీర్మానం చేయాలి, జాతీయ వ్యవసాయ భూముల రిజిస్టర్ నుంచి ఆ కమతం బయటికి రావాలి, యజమాని పేరున పూర్తి టైటిల్ పుట్టాలి. అప్పుడే అది మామూలు ప్రైవేటు ఆస్తి అవుతుంది. ఆ తర్వాత కూడా మొదటిసారి అమ్మేటప్పుడు యజమాని కుటుంబసభ్యులు, ఆ నేల సాగు చేసినవాళ్లు, తోటి సభ్యులు, ఊరివాళ్లు, చివరికి ఎహీదో తామే కొంటామని వరస ప్రకారం అడగొచ్చు. దానికి 30 రోజుల గడువుంది. వాళ్లకు నోటీసులు ఇచ్చారా లేదా అన్నది మీ లాయరు చూడాల్సిన మొదటి కాగితాల్లో ఒకటి.

"ప్రాసెస్ నడుస్తోంది సార్, ఆరు నెలల్లో టైటిల్ వచ్చేస్తుంది, అందుకే సగం రేటు" అని ఎవరైనా అంటే ఆ ఆరు నెలలూ ఆగి, టైటిల్ వచ్చాకే మాట్లాడతానని చెప్పండి. పొజిషన్ సర్టిఫికెట్, హక్కుల బదలాయింపు పత్రం అంటూ రంగురంగుల ముద్రలున్న కాగితాలు చూపిస్తారు. అవి టైటిల్ కావు.

ఎన్సెనాదా పట్టణం దగ్గర పుంతా బాందా అని ఓ ఇసుక తిన్నె ఉంది. ఎహీదో ఇచ్చిన లీజుల్ని నమ్ముకుని అక్కడ అమెరికన్లు ఇళ్లు కట్టుకున్నారు. చాలామంది రిటైరైనవాళ్లు, దాచుకున్నదంతా వాటి మీదే పెట్టారు. ఆ నేల ఎహీదోది కాదు, మాదని వేరే యజమానులు కోర్టుకెళ్లారు. మెక్సికో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఆ వివాదంలో ఆ యజమానులే గెలిచారు. 2000 అక్టోబరులో అధికారులు వచ్చి ఇళ్లు ఖాళీ చేయించారు. గోడలు, పైకప్పు, సామాను అన్నీ వాళ్లవే. కింద నేల మాత్రం వాళ్లకు లీజిచ్చినవాళ్లదే కాదు.

ఎవరు ఎవరి మనిషి?

మన దగ్గర నోటరీ అంటే కోర్టు బయట బల్ల వేసుకుని అఫిడవిట్ మీద స్టాంపు వేసే ఆయన. మెక్సికోలో నోతారియో పూబ్లికో ప్రభుత్వం నియమించిన సీనియర్ న్యాయవాది. దస్తావేజు ఆయన తయారుచేయాలి, పన్నులు ఆయన వసూలు చేసి కట్టాలి, రిజిస్ట్రీకి పంపాలి. ఆయన లేకుండా స్థిరాస్తి చేతులు మారదు. అంతటివాడే అయినా ఆయన ఎవరి పక్షమూ కాదు. ఏజెంటు కమిషన్ మనిషి, అమ్మకందారు లాయరు అమ్మకందారు మనిషి, బ్యాంకు ట్రస్టు మనిషి. ఆ బల్ల చుట్టూ మీ మనిషంటూ ఒకరుండాలంటే మీరు ఫీజిచ్చి పెట్టుకున్న లాయరే ఉండాలి. ఆయన పేరు మీ ఏజెంటు చెప్పినదై ఉండకూడదు. అక్కడి ప్రతి లాయరుకీ వృత్తి లైసెన్సు నంబరుంటుంది, దాన్ని ప్రభుత్వ రికార్డులో ఎవరైనా సరిచూసుకోవచ్చు.

సంతకాల రోజు నోతారియో దస్తావేజును స్పానిష్‌లో చదివి వినిపిస్తారు. మీకు భాష రాకపోతే గుర్తింపు పొందిన అనువాదకుణ్ణి కూర్చోబెట్టుకోండి. అంతకు కొన్ని రోజుల ముందే ముసాయిదా తెప్పించుకుని కొలతలు, హద్దులు, రిజిస్ట్రీ నంబరు, ధర చూసుకోండి.

మనవాళ్లు మరీ ముఖ్యంగా చూసుకోవాల్సింది పేరు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. మెక్సికోలో అసలు పేరు ముందు, తర్వాత తండ్రి ఇంటిపేరు, ఆ తర్వాత తల్లి ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఒకలా, గ్రీన్‌కార్డులో ఇంకోలా, బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉండే మన పేరు అక్కడి గుమస్తా చేతిలో పడితే ఏ రూపం తీసుకుంటుందో చెప్పలేం. దస్తావేజులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. ఇవాళ పది నిమిషాల్లో దిద్దించుకోగలిగే తప్పు, రేపు అమ్మబోయినప్పుడో పిల్లలకు మార్చబోయినప్పుడో నెలల తరబడి తిప్పుతుంది.

డబ్బు ఎప్పుడు కదలాలి?

కాగితాలు ముందు, డబ్బు తర్వాత. అడ్వాన్స్ తప్పనిసరైతే నేరుగా అమ్మకందారు ఖాతాకో ఏజెంటు ఖాతాకో కాకుండా ఎస్క్రోలో పెట్టండి. టైటిల్ తేడా వస్తే అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో వెనక్కి వస్తుందో అగ్రిమెంటులో రాయించండి.

కట్టకముందే అమ్మే ప్రీసేల్ కాండోల దగ్గర రెట్టింపు జాగ్రత్త కావాలి. తిహువానా దగ్గర తీరంలో ట్రంప్ ఓషన్ రిసార్ట్ బాహా పేరుతో 2006లో అమ్మకాలు మొదలయ్యాయి. 2009లో ప్రాజెక్టు కుప్పకూలింది. కొన్నవాళ్ల డిపాజిట్లు సుమారు 3 కోట్ల 20 లక్షల డాలర్లు పోయాయి. ట్రంప్ తాము బిల్డర్లం కామని, పేరు వాడుకోవడానికి లైసెన్సు మాత్రమే ఇచ్చామని చెప్పారు. కొన్నవాళ్లు అమెరికాలో వేసిన దావా 2013లో రాజీతో ముగిసింది. బ్రోచర్ మీద ఎవరి పేరుందన్నది వదిలేసి, అగ్రిమెంటు మీద ఎవరు సంతకం పెడుతున్నారో చూడండి. నేల ఆ కంపెనీ పేరున ఉందా, దాని మీద బ్యాంకు అప్పుందా, నిర్మాణ అనుమతి, పర్యావరణ అనుమతి వచ్చాయా అన్నది కాగితాల్లోనే తేలాలి.

మనకు బాగా అలవాటైన జాడ్యం ఇంకొకటుంది. కొన్నది ఒక ధరకి, రిజిస్ట్రేషన్ ఇంకో ధరకి. మెక్సికోలోనూ "తక్కువ రాయిద్దాం, పన్ను మిగులుతుంది" అనేవాళ్లున్నారు. 3 లక్షల డాలర్లకు కొని 2 లక్షలని రాయించారనుకుందాం. తర్వాత 3 లక్షల 50 వేలకు అమ్మారు. నిజంగా వచ్చిన లాభం 50 వేలు, కాగితం మీద లాభం లక్షా 50 వేలు. అక్కడ నివాసం లేనివాళ్లు ఆస్తి అమ్మితే మొత్తం ధర మీద 25 శాతమో, నిబంధనల ప్రకారం ప్రతినిధిని పెట్టుకుంటే లాభం మీద 35 శాతమో పన్ను కట్టాలి. రెండో లెక్కలో లేని లక్ష డాలర్ల లాభం మీద స్థూలంగా 35 వేలు అదనంగా పోతాయి. కొనేటప్పుడు మిగిల్చింది అందులో ఏ మూలకీ రాదు.

హైదరాబాద్, విజయవాడల నుంచి కొనేవాళ్లకు

ఇండియాలో నివాసముంటూ విదేశంలో ఇల్లు కొనాలంటే రిజర్వు బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2 లక్షల 50 వేల డాలర్ల వరకు పంపొచ్చు. ఇలాంటి కొనుగోలుకు పంపే మొత్తం ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన దాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ పట్టుకుంటుంది. రిటర్నులో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు గానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. పంపేరోజు పరిమితులు బ్యాంకులో ఓసారి అడిగి తెలుసుకోండి. హవాలా దారి మాత్రం తొక్కొద్దు.

కొన్న తర్వాత ఏటా ఐటీ రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో ఆ ఇంటిని చూపించాలి. చూపించకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడే అవకాశం ఉంది. అద్దె రాకపోయినా చూపించాల్సిందే. అమెరికాలో పన్ను కట్టేవాళ్లయితే ఆ ఇంటి అద్దె అక్కడ చూపించాలి. మెక్సికన్ బ్యాంకు ట్రస్టును ఎప్పుడు ట్రస్టుగా లెక్కించనక్కర్లేదో అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ 2013లో ఓ రూలింగ్ ఇచ్చింది. మీది ఆ కోవలోకి వస్తుందో లేదో మీ సీపీఏని అడగండి.

దేశం మారితే

గీతలు మారతాయి గానీ ప్రశ్నలు మారవు. థాయ్‌లాండ్‌లో విదేశీయుడు మామూలుగా నేల కొనలేడు. కాండో కొనొచ్చు, అదీ భవనంలో విదేశీయుల వాటా 49 శాతం దాటనంతవరకే. ఇండోనేసియాలో పూర్తి యాజమాన్య హక్కు ఆ దేశ పౌరులకే, బాలిలో స్థానికుడి పేరున కొనే బినామీ ఒప్పందాలు చెల్లవు. స్పెయిన్‌లో 1988 నాటి తీర చట్టం వచ్చాక తీరంలో ఉన్న కొన్ని ఇళ్లకు యాజమాన్యం పోయి, గడువున్న కన్సెషన్ మాత్రమే మిగిలింది. ఎక్కడైనా మూడు ప్రశ్నలే అడగండి. ప్రభుత్వ తీర హద్దు ఎక్కడ? విదేశీయుడిగా నాకు దక్కేది ఏ హక్కు, ఎన్నేళ్లు? నాకంటే ముందు ఈ నేల ఎవరిది?

చేతికి రావాల్సిన కాగితాలు

మెక్సికోలో కొనేటట్లయితే ఈ జాబితా కాపీ తీసి మీ లాయరుకి పంపండి.

1. అమ్మకందారు పేరున రిజిస్టరైన దస్తావేజు, ఆ టైటిల్ చేతులు మారుతూ వచ్చిన చరిత్ర.
2. ప్రాపర్టీ రిజిస్ట్రీ ఇచ్చిన తాజా ఈసీ. అప్పులు, అటాచ్‌మెంట్లు ఉంటే అందులో కనబడతాయి.
3. ఆ నేల ఇప్పుడు ఎహీదోలో లేదనడానికి వ్యవసాయ భూముల రిజిస్టర్ ఆధారం. ఒకప్పుడు ఉండి ఉంటే బయటికి వచ్చిన తీరు తెలిపే పత్రాలు.
4. తాజా సర్వే, తీర హద్దు, కన్సెషన్ పత్రం, ఫీజు రశీదులు.
5. ఆస్తి పన్ను, నీటి బిల్లు, కాండో మెయింటెనెన్స్ బకాయిలు లేవన్న పత్రాలు.
6. ట్రస్టు ముసాయిదా, విదేశాంగ శాఖ పర్మిట్, ప్రత్యామ్నాయ లబ్ధిదారుల పేర్లు.
7. మీ లాయరు సంతకంతో లీగల్ ఒపీనియన్. వీలైతే టైటిల్ ఇన్సూరెన్స్ కూడా.

వీటిలో ఒక్కటి తక్కువైనా ఆగండి. ఇవాళే కట్టాలి, రేపైతే రేటు పెరుగుతుందని ఎవరు తొందరపెట్టినా ఆగండి. నిజమైన టైటిల్ ఉన్నవాడు నెల రోజులు ఆగడానికి భయపడడు. ఆగలేకపోతున్నాడంటే ఆ ఇల్లు మీకు అక్కర్లేదు.